పాముకు కాళ్ళు, రాతికి పాదాలు

1993 సెప్టెంబర్ 7న బీజింగ్‌లో భారత్, చైనా ఒక ఒప్పందం చేసుకున్నాయి. వాస్తవాధీన రేఖ వెంబడి శాంతిని, ప్రశాంతతను కాపాడుకుందామని దాని పేరులోనే ఉంది. పెద్ద పెద్ద మాటల మధ్య అసలు సంగతి మొదటి అంశంలోనే దొరుకుతుంది. ఎవరి మనుషులైనా గీత దాటి ఇవతలికొస్తే, ఎదుటివారు హెచ్చరించగానే వెనక్కి పోవాలి. మన భాషలో చెప్పుకుంటే, కాలు దువ్వకూడదు, పొరపాటున అడుగు పడినా తీసేసుకోవాలి. ఆ సంతకాల వేళ చైనా ప్రధాని లీ పెంగ్‌తో పాటు అక్కడున్న మన ప్రధాని పి.వి. నరసింహారావు అప్పటికి నంద్యాల ఎంపీ. 1991 నవంబర్ ఉప ఎన్నికలో 5 లక్షల 80 వేల పైచిలుకు మెజారిటీతో ఆయన్ను ఢిల్లీకి పంపింది ఈ ఊరే.

కాలు దువ్వడం అంటే ఏమిటో నంద్యాల వాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. తిరునాళ్ళ రోజుల్లో ఈ చుట్టుపక్కల బండలాగుడు పోటీలు చూస్తే చాలు. కాడి మెడ మీద పడకముందే కోడె ముందుకాలి గిట్టతో మట్టిని వెనక్కి చిమ్ముతుంది. రంకె తర్వాత సంగతి. ఫ్యాక్షన్ కథలు రాసేవాళ్ళు ఈ మాటను అరగదీసి పారేశారు గానీ, అది పుట్టింది పశువుల దొడ్డిలో.

చైనాలో ఇలాంటి సందర్భానికి వాడే మాట కాలు దువ్వడం గురించి కాదు, అడుగు వెనక్కి వేయడం గురించి. క్రీస్తుపూర్వం 632లో జిన్ రాజ్యానికి, చూ రాజ్యానికి యుద్ధం వచ్చింది. జిన్ రాజు వెన్ ఒకప్పుడు దేశం వదిలి తిరిగిన రోజుల్లో చూ రాజు దగ్గర తలదాచుకున్నాడు. ఎప్పుడైనా మన సేనలు ఎదురెదురు పడితే మూడు మజిలీల దూరం వెనక్కి తగ్గుతానని అప్పుడు మాటిచ్చాడు. మజిలీకి ముప్పై లీలు, మొత్తం తొంభై లీలు. అన్నట్టే సేనను వెనక్కి నడిపించాడు. తర్వాత యుద్ధం గెలిచాడు కూడా. మూడు మజిలీలు తగ్గడం అనే మాట ఈనాటికీ చైనీయుల నోట ఉంది. మనకు వెనకడుగు వేయడం తలవంపు. 'వెనక్కి తగ్గేదే లేదు' అన్నవాడికే మన సభల్లో ఈలలు పడతాయి.

ఈ రెండు నుడికారాలనూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే నాకు ఒకటి తోస్తుంది. చైనీయుల నుడికారంలో పాదం ఎక్కువగా పనిని కొలుస్తుంది. తొందరపడ్డావా, అతి చేశావా, నీది కాని నడక నడిచావా అని అడుగుతుంది. మన కాలు ఎక్కువగా మనుషులను కొలుస్తుంది. ఎవరి కాళ్ళు ఎవరు పట్టుకున్నారు, ఎవరు కడిగారు, ఎవరి ముందు ఎవరు కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నారు, కోడలు కాలు పెట్టిన వేళ ఎలాంటిది, ఎవరు కాళ్ళబేరానికి వచ్చారు, ఎవరి అడుగులకు ఎవరు మడుగులొత్తుతున్నారు? లెక్కపెడితే మన మాటల్లో సగం పైన ఈ బాపతే. దీనికి విరుద్ధమైనవీ ఉన్నాయి, వాటి దగ్గరికి వస్తాను.

ముందు పాము సంగతి. చైనాలో బడిపిల్లలకు కూడా తెలిసిన కథ ఇది. చూ రాజ్యంలో ఒకాయన పూజ ముగించి పరిచారకులకు ఒక పాత్ర మద్యం ఇచ్చాడు. అందరూ తాగితే చాలదు, ఒకడు తాగితే మిగులుతుంది. నేల మీద పాము బొమ్మ ఎవరు ముందు గీస్తే వాళ్ళదే పాత్ర అని పందెం వేసుకున్నారు. ఒకడు చకచకా గీసేసి, ఎడమచేత్తో పాత్ర అందుకుని, కుడిచేత్తో ఇంకా గీస్తూ, 'దీనికి కాళ్ళు కూడా పెట్టగలను' అన్నాడు. ఇంతలో రెండోవాడు బొమ్మ ముగించి పాత్ర లాక్కున్నాడు. పాముకు కాళ్ళెక్కడివి, నువ్వు గీసింది పాము కాదు పొమ్మన్నాడు. పాముకు కాళ్ళు గీయడం అంటే చక్కగా ముగిసిన పనిని అతి చేసి చెడగొట్టుకోవడం.

ఈ కథ ఎక్కడ చెప్పారన్నదే దాని అందం. 'యుద్ధరాజ్యాల యుక్తులు' అనే ప్రాచీన గ్రంథం ప్రకారం, చూ సేనాపతి జావ్ యాంగ్ వెయ్ రాజ్యాన్ని ఓడించి, ఆ ఊపులో ఛీ రాజ్యం మీదకు బయల్దేరాడు. ఛీ తరఫున వచ్చిన చెన్ జెన్ అనే రాయబారి ఈ కథ చెప్పి, నీకు దక్కాల్సిన పదవి ఇప్పటికే దక్కింది, ఇంకో ఊరు గెలిస్తే కొత్తగా వచ్చేదేముంది, ఓడితే తలే పోతుందని నచ్చజెప్పాడు. సేనాపతి ఇంటిదారి పట్టాడు. కాళ్ళున్న పాము ఒక యుద్ధాన్ని ఆపింది.

మన పాముకు మాత్రం కాళ్ళున్నాయి! పాము కాళ్ళు పాముకెరుక అంటాం. చైనీయుడు లేవన్న చోట తెలుగువాడు ఉన్నాయనే అనుకుంటాడు, కాకపోతే వాటి జోలికి పోవద్దంటాడు. ఎవరి బాధ, ఎవరి గుట్టు, ఎవరి కిటుకు వాళ్ళకే తెలుసని అర్థం. అక్కడ అనవసరంగా గీసిన కాలు, ఇక్కడ పైకి కనబడని కాలు. ఇక మన కుందేలు కథ వేరు. దానికి ఉన్న నాలుగింటిలో ఒకదాన్ని మనమే తీసేస్తాం, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని వాదించేవాడి కోసం. వాళ్ళు లేనివి కలిపితే మనం ఉన్నవి తగ్గించాం.

హంసపాదు కూడా పాదమే. తాటాకు మీద రాసేటప్పుడు అక్షరమో మాటో తప్పిపోతే, ఆ చోట హంస కాలి ముద్రలాంటి గుర్తు పెట్టి పక్కన చేర్చేవారు. మొదటి పంక్తిలోనే ఆ గుర్తు పడితే 'ఆదిలోనే హంసపాదు'. అంటే చైనా పాము కాళ్ళు పని అయిపోయాక చేసే అతికి, మన హంస కాలు పని మొదట్లోనే పడ్డ లోపానికి. పని గురించి మాట్లాడే పాదం మన దగ్గర లేకపోలేదన్నమాట. నేను పైన పెట్టిన గీతకు ఇదే మొదటి హంసపాదు.

నంద్యాల వీధుల్లో బ్యాంకు కోచింగ్ బోర్డులు చూసినవాళ్ళకు ఇంకో చైనా మాట వెంటనే అర్థమవుతుంది. రెండు తెలుగు రాష్ట్రాల నుంచీ పిల్లలు ఇక్కడికొచ్చి, గదులు అద్దెకు తీసుకుని, లెక్కలూ రీజనింగూ రుబ్బుతారు. ఏడాదంతా చదవక, పరీక్ష ముందు రాత్రి పుస్తకం తెరిచేవాణ్ణి చైనాలో 'వేళకు బుద్ధుడి పాదం కౌగిలించుకునేవాడు' అంటారు. మామూలు రోజుల్లో దీపం పెట్టనివాడు కష్టం వచ్చేసరికి వెళ్ళి పాదాల మీద పడ్డాడని ఎగతాళి. మన సామెతలోనూ అవసరానికి పట్టుకునే కాళ్ళున్నాయి, కానీ అవి బుద్ధుడివి కావు, గాడిదవి. వసుదేవుడంతటివాడే గాడిద కాళ్ళు పట్టుకున్నాడంటాం. చైనా మాట పట్టుకున్నవాడి బద్ధకాన్ని తప్పుపడుతుంది. మన మాట పట్టుకున్నవాడిని జాలిగా చూస్తుంది, పట్టించుకున్న గాడిదను మాత్రం వెక్కిరిస్తుంది. ఎమ్మార్వో ఆఫీసుల చుట్టూ కాళ్ళరిగేలా తిరిగిన ఏ రైతునైనా అడగండి, ఈ తేడా బాగా చెబుతాడు.

బుద్ధుడి పాదాన్ని నిజంగానే రాతిలో కౌగిలించుకునేంత అందంగా చెక్కింది మన కృష్ణా తీరం వాళ్ళు. అమరావతిలో, నల్లమలకు అవతల నాగార్జునకొండలో, సున్నపురాతి మీద చక్రాలతో, మంగళ చిహ్నాలతో బుద్ధపాదాలు చెక్కారు. అమరావతి బుద్ధపాదం ఒకటి ఇప్పుడు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. అమరావతి శిల్పుల ఊహ ఎంత సున్నితమంటే, సిద్ధార్థుడి జననాన్ని చెక్కిన ఒక ఫలకంలో శిశువే కనబడడు. దేవతలు పట్టుకున్న వస్త్రం మీద బుల్లి పాదముద్రలుంటాయి, అంతే. పుట్టగానే ఏడడుగులు వేశాడన్న కథకు అదే బొమ్మ. 7వ శతాబ్దంలో చైనా యాత్రికుడు హ్యుయాన్‌త్సాంగ్ మన ధాన్యకటకానికి వచ్చి కొంతకాలం ఉండి చదువుకున్నాడు. పాటలీపుత్రంలో చూసిన బుద్ధుడి పాదముద్ర రాయి పొడవు వెడల్పులు కూడా తన యాత్రా గ్రంథంలో రాసుకున్నాడు. కొలత లేకుండా పాదాన్ని వదలరు వాళ్ళు.

అడుగడుక్కీ తామర పూయడం అనే కల్పన కూడా బౌద్ధ కథలతోనే ఇక్కడి నుంచి అక్కడికి వెళ్ళింది. అక్కడ దాని దారి మారింది. దక్షిణ ఛీ వంశపు రాజు ఒకడు నేల మీద బంగారు తామరలు పరిపించి, తన ప్రియురాలు పాన్‌ను వాటి మీద నడిపించి మురిసిపోయాడట. కొన్ని శతాబ్దాల తర్వాత, చిన్నప్పుడే ఆడపిల్లల పాదాలను గుడ్డతో బిగించి, వేళ్ళు లోపలికి విరిచి కట్టే ఆచారం వచ్చినప్పుడు, ఆ పాదాలకు పెట్టిన పేరు 'మూడంగుళాల బంగారు తామర'. మనం దేవుడికి పాదపద్మాలంటాం, వాళ్ళు అదే పువ్వును నడవలేని ఆడవాళ్ళ కాళ్ళకు తగిలించారు. 1912లో కొత్త గణతంత్ర ప్రభుత్వం నిషేధించినా చాలాచోట్ల ఆ కట్టు ఇంకొన్నేళ్ళు విడలేదు. ఆ రోజుల నీడ ఒక మాటలో మిగిలింది. గుట్టు బయటపడితే 'గుర్రం కాలు కనబడింది' అంటారు. మింగ్ వంశాన్ని స్థాపించిన జు యువాన్‌జాంగ్ భార్య ఇంటిపేరు మా, అంటే గుర్రం. పేదింటి పిల్ల, పాదాలు కట్టలేదు. పల్లకీలో పోతుంటే గాలికి తెర లేచి ఆమె పెద్ద పాదాలు జనం కంట పడ్డాయని కథ. చరిత్ర అవునో కాదో గానీ, పెద్ద పాదం దాచుకోవాల్సిన గుట్టు అయిందన్నది ఆ కథ ఒప్పుకుంటోంది.

చెప్పుల మీద వాళ్ళకున్నన్ని కథలు మనకు లేవు. బూటుకు సరిపడేలా పాదం కోసుకునేవాడొకడు. జెంగ్ రాజ్యంలో ఇంకొకడు ఇంటి దగ్గర పాదం కొలుచుకుని, ఆ కొలత మర్చిపోయి సంతకు పోయాడు. చెప్పులు చేతికొచ్చాక గుర్తొచ్చి, కొలత కోసం ఇంటికి పరుగెత్తాడు. తిరిగొచ్చేసరికి సంత ముగిసింది. కాలికే తొడుక్కుని చూసుకోవచ్చు కదయ్యా అంటే, 'కొలతనైతే నమ్ముతాను గానీ నా కాలిని నమ్మను' అన్నాడు. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో హాన్ ఫెయ్ అనే రాజనీతిజ్ఞుడు చెప్పిన కథ. మనిషి ఎదురుగా నిలబడి ఉన్నా, బతికే ఉన్నట్టు కాగితం తెమ్మనే కౌంటర్ల ముందు మన పింఛనుదారులు ఏటా దీన్ని నటించి చూపిస్తూనే ఉన్నారు. చెప్పు విషయంలో మనం వెనకబడ్డా దుప్పటి విషయంలో గట్టివాళ్ళం. అది ఉన్నంతవరకే కాళ్ళు చాపాలన్నాం.

ఈ హాన్ ఫెయే చెప్పిన మరో కథ ఉంది. అది వినాల్సింది ఆళ్ళగడ్డలో.

నంద్యాల నుంచి కడప దారిలో ఆళ్ళగడ్డ చేరేసరికి రోడ్డు పక్క షెడ్లలో ఉలి దెబ్బలు, గ్రైండర్ల రొద. తెల్లటి దుమ్ములో నంది పక్కన ఆంజనేయుడు, ఆయన పక్కన చేయెత్తిన నాయకుడు. ఇక్కడి శిల్పానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. సంప్రదాయం తెలిసిన శిల్పి రాయిని ముందు చూడడు, వింటాడు. సుత్తితో తట్టితే గంటలా ఖంగుమన్నది పుంశిల, విగ్రహానికి పనికొస్తుంది. అంతకన్నా మెత్తని నాదం ఉన్నది స్త్రీశిల, పీఠానికి. నాదమే లేనిది నపుంసక శిల, దాని చోటు పీఠానికి అడుగున. అంటే దేవుడి పాదాల కింద ఒకదాని మీద ఒకటిగా రెండు జాతుల రాళ్ళు ఒదిగి ఉంటాయి.

చూ రాజ్యంలో బియన్ హె అనేవాడికి కొండల్లో ఒక రాయి దొరికింది. లోపల పచ్చ ఉందని వాడికి తెలుసు. చైనీయులు బంగారం కన్నా ఎక్కువగా చూసే జేడ్ అది. తీసుకెళ్ళి లీ రాజుకు ఇచ్చాడు. ఆస్థానపు రాతి పనివాడు చూసి వట్టి రాయి అన్నాడు. మోసం చేశాడని రాజు బియన్ హె ఎడమ పాదం నరికించాడు. ఆ రాజు పోయి వూ రాజు వచ్చాక మళ్ళీ తీసుకెళ్ళాడు. మళ్ళీ వట్టి రాయే అన్నారు. కుడి పాదం పోయింది. మూడో రాజు వెన్ గద్దెనెక్కేనాటికి బియన్ హె కొండ కింద కూర్చుని మూడు పగళ్ళు, మూడు రాత్రులు ఏడుస్తూ ఉన్నాడు. కన్నీళ్ళు అయిపోయి నెత్తురు కారింది. రాజు మనిషిని పంపి, దేశంలో కాళ్ళు పోయినవాళ్ళు ఎందరో ఉన్నారు, నీకొక్కడికే ఇంత దుఃఖమెందుకని అడిగించాడు. కాళ్ళు పోయినందుకు కాదు, మణిని రాయి అన్నందుకు, నిజాయితీపరుణ్ణి మోసగాడన్నందుకు ఏడుస్తున్నానన్నాడు. రాయిని కోయించారు. లోపల పచ్చ మెరిసింది. ఆ తర్వాత దాని కోసం ఛిన్ రాజు పదిహేను నగరాలు ఇస్తానన్నాడంటే దాని విలువ ఊహించుకోవచ్చు.

ఈ కథలో నన్ను ఎప్పుడూ వేధించేది ఆ ఇద్దరు రాతి పనివాళ్ళే. రాజులకు రాయి తెలియదు, సరే. తట్టి వినడం, కోసి చూడటం వృత్తిగా ఉన్నవాళ్ళు ఆ ఒక్క దెబ్బ ఎందుకు వేయలేదు? హాన్ ఫెయ్‌కు కావాల్సింది రాజులకు బుద్ధి చెప్పడం, అందుకే వాళ్ళ పేర్లు కూడా చెప్పకుండా వదిలేశాడు. ఆళ్ళగడ్డ షెడ్డులో ఈ కథ చెబితే మొదట నవ్వుకునేది వాళ్ళను చూసే.

రాతి మనిషికైనా బలహీనమైన చోటు పాదమే. నిలబడ్డ విగ్రహంలో బరువంతా చీలమండల దగ్గర సన్నని భాగం మీద పడుతుంది. అందుకే కాళ్ళ వెనక రాయిని పూర్తిగా తొలచకుండా ఉంచుతారు. పాడుబడ్డ గుళ్ళలో పీఠం మీద రెండు పాదాలు మాత్రమే మిగిలిన విగ్రహాలు కనబడేది ఇందువల్లే. విరిగింది చీలమండ దగ్గర. మన సంప్రదాయంలో మనిషి అందాన్ని తల నుంచి కిందికి, దేవుడి అందాన్ని పాదం నుంచి పైకి వర్ణిస్తారు. భక్తుడి చూపు మొదట పడే చోటే శిల్పికి ఎక్కువ గండం. బండ ఎత్తి తన కాలి మీదే పడేసుకోవడం అని చైనాలో ఒక మాటుంది, ఇతరులకు తలపెట్టిన చెడు తనకే తగలడానికి వాడతారు. ఆళ్ళగడ్డలో అది సామెత కాదు, పనిలో రోజూ కాచుకోవాల్సిన ప్రమాదం.

ఇక్కడి ఇళ్ళలో కాలు పెట్టేదే రాతి మీద. బేతంచెర్ల, బనగానపల్లె, కొలిమిగుండ్ల వైపు నుంచి వచ్చే నాపబండలు రాయలసీమ అరికాళ్ళకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఎండాకాలం మధ్యాహ్నం వాటి మీద చాప కూడా వేసుకోకుండా పడుకుంటారు. గడపలోకి వచ్చిన చుట్టానికి 'కాళ్ళు కడుక్కోన్నా, అన్నం తిందువు' అని చెంబు అందించేదీ ఆ బండల మీదే.

చైనీయులకు మనుషుల పాదాల పట్ల మర్యాద లేదని అనుకోకండి. జిన్ రాజు వెన్ గుర్తున్నాడు కదా, మూడు మజిలీలు తగ్గినవాడు. పరదేశంలో తిరిగిన రోజుల్లో జియె జితుయ్ అనే అనుచరుడు ఆయన వెంట ఉన్నాడు. రాజ్యం వచ్చాక రాజు అతణ్ణి మరిచాడు. గుర్తొచ్చి పిలిస్తే అతడు తల్లితో కొండ ఎక్కి దాక్కున్నాడు. బయటికి రప్పించాలని అడవికి నిప్పు పెడితే చెట్టును పట్టుకుని కాలిపోయాడు. రాజు ఆ చెట్టు మానుతో పాదుకలు చేయించుకుని, వాటిని చూసినప్పుడల్లా 'అయ్యో, పాదాల కింది వాడా' అని ఏడ్చేవాడని చెబుతారు. తర్వాత 'పాదాల కింద' అన్న మాటే సాటివాణ్ణి గౌరవంగా పిలిచే పిలుపయింది. మన పాత ఉత్తరాల్లో పెద్దల పాదపద్మాలకు నమస్కారాలు రాసినట్టే. అన్నదమ్ములను 'చేతులూ కాళ్ళూ' అనేదీ వాళ్ళే. నా గీతకు ఇది రెండో హంసపాదు.

చివరికి నడక. హాన్‌దాన్ నగరవాసుల నడక అందంగా ఉంటుందని విని, వేరే ఊరి కుర్రాడొకడు నేర్చుకోబోయాడు. అది రాలేదు, సొంత నడక మరిచాడు, పాకుతూ ఊరు చేరాడు. జ్వాంగ్‌జీ గ్రంథంలో ఉన్న ఈ కథను మనం ఒక్క ముక్కలో తేల్చేశాం. హంసనడక రాకపోయె, ఉన్న నడక మరచిపోయె. రెండు దేశాలూ ఒకరినొకరు అడక్కుండానే ఒకే మాట అనుకున్న చోటు ఇది. రెండు పడవల మీద కాళ్ళు పెట్టడం ఇంకోటి.

మన వైపు నడక మాత్రం హంసల కోసం కాదు. ఆళ్ళగడ్డకు దగ్గర్లోని అహోబిలంలో కనుమ నాడు పార్వేట ఉత్సవం మొదలవుతుంది. చెంచులక్ష్మితో జరిగే తన పెళ్ళికి నరసింహస్వామి స్వయంగా ఊరూరా తిరిగి పిలుస్తాడని నమ్మకం. నలభై రోజులకు పైగా, ముప్పైకి పైగా ఊళ్ళు. పల్లకీలో స్వామి పాదాలు నేల తాకవు. తాకేవి మోసేవాళ్ళ పాదాలు. కాలికి బలపం కట్టుకుని తిరగడం అనే మాటను దేవుడికి వాడొచ్చో లేదో తెలియదు గానీ, పెళ్ళికొడుకే శుభలేఖలు పంచే ఊళ్ళు ఇవి.

ఉగాదికి ముందు ఇదే నంద్యాల జిల్లాలో ఇంకో నడక. కర్ణాటక నుంచి వేలాదిగా భక్తులు రోజుల తరబడి నడిచి, ఆత్మకూరు దాటి, వెంకటాపురం నుంచి నల్లమలలోకి దిగి, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా శ్రీశైలం ఎక్కుతారు. భ్రమరాంబ వాళ్ళింటి ఆడపడుచు, మల్లన్న అల్లుడు. కొందరు చెక్క కాళ్ళు కట్టుకుని, వాటి మీదే నడిచి వస్తారు. లేని కాళ్ళు పెట్టుకోవడం మీద చైనా వాళ్ళు చెప్పిన కథ ఈ భక్తుల ముందు చెల్లదు. దారి పొడవునా ఊళ్ళవాళ్ళు మజ్జిగ, అన్నం పెడతారు. బొబ్బలెక్కిన అరికాళ్ళకు మందు రాస్తారు, నూనె పట్టిస్తారు. ఎవరి కాళ్ళు ఎవరు పట్టుకున్నారన్న మన పాత లెక్క ఆ పందిళ్ళలో తల్లకిందులవుతుంది. భాష రాని, మళ్ళీ కనబడని మనిషి పాదం ఒళ్ళో పెట్టుకుని పిసుకుతుంటారు.

పండగ అయ్యాక తిరుగుదారి మాత్రం బస్సులోనే. శ్రీశైలం బస్టాండులో బండి ఇంకా ఆగకముందే కిటికీల్లోంచి తువ్వాళ్ళు పడతాయి. అంతదూరం ఓపికగా నడిచిన కాళ్ళు ఫుట్‌బోర్డు దగ్గర ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి. దానికి చైనాలో నాలుగక్షరాల మాట సిద్ధంగా ఉంది: చురుకు పాదం ముందెక్కుతుంది.